పైన్ ట్రీ షిల్లింగ్ వేలం: బరువు చూసి కొనాలా, స్లాబ్ మీద అంకె చూసి కొనాలా?

బోస్టన్_బాబు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒక వేలానికి రెండు పైన్ ట్రీ షిల్లింగులు వస్తున్నాయి. నా బడ్జెట్‌లో ఒకటే కొనగలను. ఉద్యోగం బోస్టన్‌లో కాబట్టి ఈ ఊరి టంకశాలలో అచ్చు వేసిన వెండి నాణెం ఒకటి నా దగ్గర ఉండాలని ఎప్పటినుంచో ఆశ.

ఈ నాణేల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1652లో మసాచుసెట్స్ బే కాలనీ సొంతంగా టంకశాల పెట్టుకుంది. జాన్ హల్, రాబర్ట్ శాండర్సన్ అనే ఇద్దరు కంసాలులు దాన్ని నడిపారు. మొదట వేసిన నాణేలకు ఒక పక్క ఎన్ఈ (న్యూ ఇంగ్లండ్) అనే అక్షరాలు, రెండో పక్క విలువ, అంతే. అంచు కత్తిరించడానికీ దొంగ నాణేలు వేయడానికీ అవి మరీ అనువుగా ఉండేసరికి, అదే ఏడాది అక్టోబరులో చుట్టూ అక్షరాలు, మధ్యలో చెట్టు ఉండాలని ఆదేశించారు. ముందు విల్లో, తర్వాత ఓక్, చివరికి పైన్. 1682 ప్రాంతంలో టంకశాల మూతపడింది.

ఇక నా సమస్య. మొదటి లాట్ పెద్ద బిళ్ల రకం. బరువు 71 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాము) దాటింది, అంటే దాదాపు పూర్తి బరువు. కానీ స్లాబ్ (గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పరీక్షించి సీలు వేసే ప్లాస్టిక్ పెట్టె) మీద గ్రేడ్ అంకె లేదు, 'డీటెయిల్స్, క్లీన్డ్' అని, అంటే ఎవరో తోమారు కాబట్టి అంకె ఇవ్వలేదని రాసి ఉంది. రెండో లాట్‌కు 'వెరీ ఫైన్ 30' (70కి 30) గ్రేడ్ వచ్చింది, రంగు కూడా చక్కగా ఉంది. బరువు మాత్రం 63 గ్రెయిన్లే. అంచు కత్తిరించడంతో పై అక్షరాలు సగం పోయాయి. మీరైతే ఏది కొంటారు?

స్లాబ్_శీను:
రెండోది. ఆలోచించడానికి ఏముంది బ్రో? 'డీటెయిల్స్' అని రాసి ఉన్నదాన్ని రేపు అమ్మబోతే అడిగేవాడు ఉండడు. వేలంలో సగం మంది ఆన్‌లైన్‌లో ఫోన్ స్క్రీన్ మీద చూసి బిడ్ వేస్తారు. వాళ్లకు కనిపించేది ఆ అంకె ఒక్కటే. నీకు నచ్చడం వేరు, మార్కెట్‌కు నచ్చడం వేరు. ఇంత డబ్బు పెట్టేటప్పుడు బయటపడే దారి ముందే చూసుకోవాలి.

ఓక్‌చెట్టు_రావు:
శీనూ, బయటపడే దారే ముఖ్యమైతే మ్యూచువల్ ఫండ్ కొనుక్కోవచ్చు, దానికి అంచు కూడా ఉండదు.

బాబు గారూ, ఈ నాణెం విషయంలో బరువే అసలు కథ. అప్పటి ఇంగ్లిష్ షిల్లింగ్ బరువు దాదాపు 92.9 గ్రెయిన్లు. మసాచుసెట్స్ వాళ్లు తమ షిల్లింగ్‌కు కావాలనే 72 గ్రెయిన్లు పెట్టారు. వెండి నాణ్యత మాత్రం అదే స్టెర్లింగ్. లండన్ వర్తకుడు పట్టుకుపోతే నష్టపోవాలి, నాణెం కాలనీలోనే తిరగాలి అన్నది ఉద్దేశం. వెస్టిండీస్ వర్తకంలో వచ్చిన స్పానిష్ వెండిని కరిగించి వీటిని తయారుచేశారు. అలాంటి 72లో మీ రెండో లాట్ దగ్గర మిగిలింది 63. అంటే రూపాయికి రెండణాల వెండి ఎవడో కత్తిరించి జేబులో వేసుకున్నాడు. దానికి 30 అని గ్రేడ్ ఇచ్చారంటే, మిగిలిన భాగం ఎంత అరిగిందో చెప్పారే తప్ప ఏం మిగిలిందో చెప్పలేదు.

ఇక 'క్లీన్డ్' మాట. మూడువందల యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ తోమని వెండి నాణెం ఎక్కడుంటుంది? 19వ శతాబ్దంలో కలెక్టర్లు మెరుపు కోసం శుభ్రంగా రుద్దేవాళ్లు. ఆ గీతల మీద మళ్లీ వందేళ్ల రంగు పడితే ఒక కంపెనీ అంకె ఇస్తుంది, ఇంకో కంపెనీ ఇవ్వదు. ఒకే నాణెం ఒక స్లాబ్ నుంచి ఇంకో స్లాబ్‌కు మారి కొత్త మాటతో వచ్చిన సందర్భాలు కావలసినన్ని. కత్తిరించిన వెండి మాత్రం తిరిగి రాదు.

పాతబస్తీ_పైసా:
హైదరాబాద్ నుంచి చదువుతున్నా. తప్పుగా అనుకోకండి గానీ, నాకు ఈ గోలంతా గాలి బుడగలా అనిపిస్తుంది. 2024 నవంబరులో ఇదే బోస్టన్ టంకశాల మూడు పెన్నీల నాణెం 25,20,000 డాలర్లు పలికిందట. బరువు 1.1 గ్రాములు. అందులో వెండి విలువ అప్పట్లో ఒక డాలరు. మన కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేలు వీటికంటే పదిహేను వందల ఏళ్లకు పైగా పాతవి. దొరికినవి ప్రభుత్వానికి అప్పగించాల్సినవే కాబట్టి వాటికి ధర కట్టను. కానీ పాత సంతలో శాతవాహనుల సీసపు బిళ్ల అని ఎవరైనా చూపిస్తే నాలుగు వందలు కూడా పెట్టరు జనం. ఇక పాతదనానికి విలువ ఎక్కడుంది?

నాగమణి_వర్జీనియా:
పైసా తమ్ముడూ, పాతదనానికి ధర ఉంటుందని ఎవరన్నారు? ఎన్ని ఉన్నాయి, ఎంతమందికి కావాలి అన్న రెండే లెక్కలు. నేను ఎక్కువగా రాగి నాణేలు కొంటాను కాబట్టి నా వైపు నుంచి ఉదాహరణ చెబుతా. 1773లో వర్జీనియా కాలనీ కోసం లండన్ టంకశాలలోనే అర పెన్నీలు వేశారు. కాలనీకి చట్టబద్ధంగా రాగి నాణేలు దొరకడం అరుదు, చరిత్రలో చాలా ముఖ్యమైనది. అయినా వాడిన నాణెం కొన్ని వందల డాలర్ల లోపే వస్తుంది. ఎందుకంటే 19వ శతాబ్దంలో బాల్టిమోర్ కలెక్టర్ ఒకాయన దగ్గర వేల కొద్దీ మెరిసే నాణేల నిల్వ ఉండేది, అది మెల్లగా బయటకు వచ్చింది. రెండువందల యాభై ఏళ్ల నాణెం కొత్తగా కనిపిస్తూ కూడా చవగ్గా దొరకడానికి ఆ నిల్వే కారణం.

నువ్వన్న మూడు పెన్నీల ఎన్ఈ నాణెం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పాత బీరువాలో కాగితం పొట్లంలో దొరికింది. ఇంకొకటి మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉంది, అది వేలానికి రాదు. మూడోది యేల్ కాలేజీ నుంచి ఎప్పుడో దొంగలపాలైంది. అంటే కొనాలనుకునేవాడికి ప్రపంచంలో దొరికేది ఈ ఒక్కటే. ఇద్దరు పంతం పడితే చాలు, ధర ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అంతకుముందు అమెరికా విప్లవానికి ముందు నాటి, బంగారం కాని నాణేల్లో రికార్డు 6,46,250 డాలర్లే.

(యేల్ అంటే గుర్తొచ్చింది. ఆ కాలేజీకి పేరిచ్చిన ఎలిహు యేల్ పుట్టింది బోస్టన్‌లోనే, 1649లో. తర్వాత మద్రాసు సెయింట్ జార్జ్ కోట గవర్నరయ్యాడు. అంటే మనవాళ్లూ ఆయన పాలన రుచి చూసినవాళ్లే.)

స్లాబ్_శీను:
అక్కా, మీ ఉదాహరణ నా వాదనకే బలం. రెండు మూడే ఉన్న నాణేనికి బరువూ స్లాబూ ఎవరూ అడగరు. పైన్ ట్రీ షిల్లింగులు అలా కాదు, ఏటా వేలాల్లో కనిపిస్తూనే ఉంటాయి. పక్కపక్కన పది ఉన్నప్పుడు కొనేవాడు దేన్ని పట్టుకుని ఎంచుకుంటాడు? అంకెనే.

ఓక్‌చెట్టు_రావు:
పది పక్కపక్కన ఉంటే నేను చూసేది వరుసగా చెబుతా: చెట్టు స్పష్టంగా ఉందా, సంవత్సరం చదవగలమా, అక్షరాలు ఎన్ని మిగిలాయి, బరువెంత, ఎవరి సేకరణ నుంచి వచ్చింది. ఆ తర్వాతే అంకె. చివర చెప్పిన సేకరణ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గారెట్ కుటుంబం సేకరణ జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీకి వెళ్లి 1979 నుంచి 1981 మధ్య వేలానికి వచ్చింది. తర్వాత ఫోర్డ్, ఆ తర్వాత ఎరిక్ న్యూమన్. పాత వేలం కేటలాగ్ ఫొటోలో అదే గీత, అదే మచ్చ చూపించగలిగితే ఆ నాణెం ధర వేరు. ఆ చరిత్ర ధరకే కాదు, నకిలీ కాదనడానికీ సాక్ష్యం.

నకిలీ అంటే ఇప్పటి చైనా సరుకు మాత్రమే అనుకోకండి. 1856లోనే న్యూయార్క్‌లో థామస్ వ్యాట్ అనే ఆయన పైన్ ట్రీ, ఓక్ ట్రీ నాణేలు దొంగగా తయారుచేసి, మసాచుసెట్స్‌లోని చెల్సీలో పాతిపెట్టినవి దొరికాయని కథ అల్లాడు. ఆ దొంగ నాణేలకు కూడా ఇప్పుడు కలెక్టర్లు ఉన్నారు, అది వేరే సంగతి.

సేలం_సుబ్బి:
కథలంటే నాకు ప్రాణం, కొంచెం పక్కదారి పడతాను. జాన్ హల్ కూతురు హన్నా పెళ్లిలో ఆ పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి రెండో పళ్లెంలో పైన్ ట్రీ షిల్లింగులు పోసి కట్నం ఇచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు. అచ్చంగా మన తులాభారమే! లెక్కల్లో ఉన్న కట్నం 500 పౌండ్లు. అంటే పౌండుకు ఇరవై చొప్పున పది వేల షిల్లింగులు. ఒక్కోటి 72 గ్రెయిన్లు చొప్పున కూడితే 46 కిలోల పైన వస్తుంది. పిల్ల మరీ బక్కపలచన అయితే కథ నిజమేనేమో! అల్లుడు శామ్యూల్ సూయెల్, మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసిన సేలం కేసుల్లో కూర్చున్న న్యాయమూర్తుల్లో ఒకడు. 1697లో తప్పు ఒప్పుకుని చర్చిలో నిలబడింది కూడా ఆయనే.

కేటలాగుల్లో వంగిన నాణెం కనిపిస్తే 'మంత్రగత్తెల భయంతో పంటితో వంచారు' అని రాస్తారు కదా, అది నిజమేనా? అలాంటి దానికి ఎక్కువ పెట్టొచ్చా?

ఓక్‌చెట్టు_రావు:
సుబ్బి గారూ, కథ బాగుంటుంది గానీ డబ్బు పెట్టకండి. పెద్ద బిళ్లల్లో చాలావాటికి సహజంగానే కొంచెం వంపు ఉంటుంది. వంపు తిరిగిన అచ్చుల మధ్య ఒరిగించి ముద్రించడం వల్ల వచ్చిందని నిపుణుల మాట. మంత్రగత్తెలతో ముడిపెట్టేది అమ్మేవాళ్లు.

పాతబస్తీ_పైసా:
అదే నేననేది! కథ చెప్పి అమ్ముతున్నారు. తేదీ కూడా కథే కదా. ముప్ఫై ఏళ్లు నాణేలు వేసి, 1662 నాటి రెండు పెన్నీలు తప్ప అన్నింటి మీదా 1652 అనే వేశారు.

నాగమణి_వర్జీనియా:
దానికి రెండు వివరణలు ఉన్నాయి. 1649లో మొదటి చార్లెస్ తల తీశాక 1660 వరకు ఇంగ్లండ్‌కు రాజు లేడు. నాణెం వేయడం రాజు హక్కు కాబట్టి, రాజు లేని ఏడాదినే పట్టుకుని వేలాడారని ఒకటి. అనుమతి వచ్చిన సంవత్సరాన్ని వేశారంతే అని రెండోది. నాకు రెండోదే సబబు అనిపిస్తుంది. లండన్‌లో అధికారులు అంత అమాయకులు కాదు, నాణేలు ఇంకా వేస్తున్నారని వాళ్లకు తెలుసు.

కథతో ధర పెరగడం గురించి అసలు గొడవ పడాల్సింది కాంటినెంటల్ డాలర్ దగ్గర. మీద 1776 అని ఉంటుంది, సూర్యగడియారం, పదమూడు ఉంగరాల గొలుసు. ఎక్కువగా ప్యూటర్‌తో (తగరం ఎక్కువగా ఉండే మిశ్రలోహం) చేసినవి. అమెరికా మొదటి డాలర్ అని ఎన్నో ఏళ్లు అమ్మారు. 2018లో ఎరిక్ గోల్డ్‌స్టీన్, డేవిడ్ మెకార్తీ అనే ఇద్దరు పరిశోధకులు, ఇది నాణెమే కాదు, 1783లో ఐరోపాలో జ్ఞాపికలుగా చేసి అమ్మిన పతకం అని వాదించారు. అప్పటి అమెరికా కాంగ్రెస్ దీన్ని వేయించినట్టు కాగితం ఒక్కటీ లేదు. అయినా మంచి ప్యూటర్ ముక్క ఇప్పటికీ పదుల వేల డాలర్లు పలుకుతుంది. పైసా తమ్ముడి అనుమానం సరైనచోట పడాలంటే అక్కడ పడాలి, షిల్లింగ్ మీద కాదు. షిల్లింగ్ బజారులో తిరిగిన డబ్బు, కత్తిరించిన ఆ అంచే దానికి సాక్ష్యం.

స్లాబ్_శీను:
ఆగండాగండి అక్కా. కత్తిరించిన అంచు సాక్ష్యమని మీరే అన్నారు. మరి రెండో లాట్ అసలైన చరిత్ర కదా? బజారులో ఎవడో మోసం చేసిన గుర్తు దాని మీద ఉంది. పూర్తి బరువున్నది ఏ పెట్టెలోనో ఊరికే పడుకుని ఉంటుంది.

నాగమణి_వర్జీనియా:
శీనూ, ఇది మాత్రం బాగా చెప్పావు. నా దగ్గర దీనికి జవాబు లేదు. కనెటికట్‌లో 1737 నుంచి హిగ్లీ అనే ఆయన వేసిన రాగి నాణేల మీద 'నీ ఇష్టం వచ్చినట్టు నాకు విలువ కట్టుకో' అని అచ్చు వేశారు. మన గొడవ వాళ్లకు ముందే తెలిసినట్టుంది.

ఓక్‌చెట్టు_రావు:
జవాబు నా దగ్గరుంది. కత్తిరించింది 17వ శతాబ్దంలో మోసగాడో, పోయిన శతాబ్దంలో అంచు విరిగితే సరిచేసిన కంసాలో ఎవరికి తెలుసు? అంచును పక్కనుంచి తీసిన ఫొటో చూస్తే కొంతవరకు తెలుస్తుంది. పాత కోత కూడా అరిగి నున్నగా ఉంటుంది, నాణెం మీద ఉన్న రంగే దాని మీదా ఉంటుంది. కొత్త కోత పదునుగా, తెల్లగా ఉంటుంది. స్లాబ్‌లో అంచు సరిగా కనబడదు, వేలం కంపెనీని అడిగితే పంపుతారు.

బోస్టన్_బాబు:
అందరికీ థాంక్స్. రెండింటికీ అంచు ఫొటోలు అడుగుతూ మెయిల్ పెట్టాను. డబ్బు లెక్క కూడా సరిచూడండి: నా మొత్తం బడ్జెట్ 4,800 డాలర్లు. సుత్తి దెబ్బ ధర (గెలిచిన చివరి బిడ్) మీద 20 శాతం కమిషన్ ఉంది కాబట్టి బిడ్ 4,000 దగ్గర ఆపాలి, అంతేనా? ప్రస్తుతానికి మనసు మొదటి లాట్ మీదే ఉంది. 'డీటెయిల్స్' అని రాసినందుకే పోటీ తక్కువుంటుందని ఆశ. ఎప్పుడూ అమ్మను కాబట్టి ఆ మాట నాకు అడ్డు కాదు.

నాగమణి_వర్జీనియా:
లెక్క సరే, కానీ పన్ను, ఇన్సూరెన్స్‌తో పంపే ఖర్చు కలపలేదు. నీ రాష్ట్రంలో పన్ను పడుతుందో లేదో ముందే కనుక్కో. 3,800 దగ్గర ఆపితే టెన్షన్ ఉండదు. స్లాబ్ నంబర్‌ను గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో పోల్చుకోవడం మర్చిపోకు. ఈమధ్య నాణెమే కాదు, స్లాబ్ కూడా దొంగది వస్తోంది.

పాతబస్తీ_పైసా:
3,800 డాలర్లా! మా కాలనీలో ఒక ఫ్లాట్‌కు ఏడాది అద్దె వస్తుందయ్యా.

స్లాబ్_శీను:
బాబు బ్రో మొదటిది తీసుకుంటే రెండోది నాకు వదిలేసినట్టే. నేను బిడ్ వేస్తున్నా. రావు గారూ, అంచు ఫొటో వచ్చాక ఒకసారి చూసి చెప్పండి.