కొత్త సీడీ ట్రాన్స్‌పోర్ట్ పెట్టాక సౌండు చెవుల్లో గుచ్చుకుంటోంది, ఎవరైనా సాయం చేయండి

వెండిపళ్ళెం:
సాయంత్రం నుంచి కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. పదిహేనేళ్ళు వాడిన సీడీ ప్లేయర్ పక్కన పెట్టి, విడిగా ఒక సీడీ ట్రాన్స్‌పోర్ట్ (డిస్కు చదివి డిజిటల్ సిగ్నల్ మాత్రమే పంపేది), ఒక డాక్ (ఆ డిజిటల్‌ని అనలాగ్ సౌండుగా మార్చేది) తెచ్చుకున్నాను. రెండింటినీ కోయాక్సియల్ డిజిటల్ కేబుల్‌తో కలిపాను. డాక్ మీద 44.1 (సీడీ శాంపిల్ రేటు, కిలోహెర్ట్జ్‌లో) అని వెలుగుతోంది, పాట వస్తోంది. కానీ సౌండు పలచగా, కీచుగా ఉంది. వయొలిన్ మీద కమాను గీసే చోట పళ్ళు జివ్వుమంటున్నాయి. తాళాల మోత ముందుకు తోసుకొచ్చి గొంతుని మింగేస్తోంది. కేబుల్ మార్చాను, ఆప్టికల్ పెట్టాను, స్పీకర్లు జరిపాను, డాక్‌లో ఉన్న ఫిల్టర్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను. వీసమెత్తు తేడా లేదు. ట్రాన్స్‌పోర్ట్‌లో లోపమేనా? వెనక్కి ఇవ్వడానికి నాలుగు రోజులే గడువుంది.

సోల్డర్‌పొగ:
డాక్ ఏది? ఏ డిస్కులు?

పాతటేపు:
ముందు కేబుల్ సంగతి చూడండి. అది 75 ఓం డిజిటల్ కేబులేనా, ఆంప్‌కి వాడే మామూలు ఆర్‌సీఏ తీగా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎస్‌పీడిఫ్‌లో (ఈ డిజిటల్ కనెక్షన్ పేరు అదే) డేటా, క్లాక్ (టైమింగు) రెండూ ఒకే తీగలో కలిసి వెళ్తాయి. ఇంపెడెన్స్, అంటే ఆ 75 ఓం లెక్క, కుదరకపోతే సిగ్నల్ అవతలి కొసన తగిలి కొంత వెనక్కి మళ్ళుతుంది, పల్సుల అంచులు చెదురుతాయి. డాక్ ఆ అంచుల్ని చూసే క్లాక్‌ని రాబట్టుకుంటుంది కాబట్టి జిట్టర్, అంటే టైమింగులో వణుకు, పెరుగుతుంది. ఇంట్లో పసుపు ప్లగ్ ఉన్న పాత వీడియో కేబుల్ ఉంటే అది పెట్టి వినండి. దానికీ 75 ఓమే, బాగా పనిచేస్తుంది. కేబుల్‌ని నిర్లక్ష్యం చేసి పెట్టెల్ని తిట్టిన వాళ్ళని ఎంతమందిని చూశానో.

వెండిపళ్ళెం:
కేబుల్ మీద 75 అని రాసే ఉందండీ. ఆప్టికల్‌లోనూ ఇదే గోల అని పైన చెప్పాను. డిస్కులు మామూలువే, అన్నీ ఒరిజినల్ సీడీలు. ఇవే డిస్కులు పాత ప్లేయర్‌లో వెన్నలా ఉండేవి. అందుకే అనుమానమంతా ట్రాన్స్‌పోర్ట్ మీదే.

పాతటేపు:
ఒరిజినల్ అయినా గీతలు పడి ఉంటే ట్రాన్స్‌పోర్ట్ చదవలేని చోట ఊహించి నింపుతుంది. ఎర్రర్ కరెక్షన్ అంటే అదే. అలా నింపిన సౌండులో పై స్వరాలు సహజంగా ఉండవు.

సర్క్యూట్‌బోర్డు:
రెండు వేరువేరు సంగతుల్ని కలిపేశారండీ. కరెక్షన్ అంటే ఊహ కాదు. డిస్కు మీద అదనంగా రాసే రీడ్-సాలమన్ కోడ్‌తో పోయిన బిట్లు ఉన్నవి ఉన్నట్టే తిరిగి వస్తాయి, ఒక్క బిట్టు తేడా ఉండదు. డేటాని చెదరగొట్టి రాస్తారు కాబట్టి ట్రాక్ వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా పూర్తిగా రాబట్టవచ్చు. అది కూడా చేతగానప్పుడే పక్క శాంపిళ్ళని (సౌండు కొలతల్ని) చూసి మధ్యది లెక్కగడతారు. దాన్ని ఇంటర్‌పోలేషన్ అనాలి. అది శ్రుతి మించినా టిక్కు టిక్కుమంటుంది, ఆగుతుంది, గెంతుతుంది. పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా కీచుమనడం దాని లక్షణం కాదు. జిట్టర్ లక్షణమూ కాదు.

పాతటేపు:
పేరు ఏదైతేనేం, ఒరిజినల్ శాంపిల్ పోయిందా లేదా అన్నదే లెక్క.

సర్క్యూట్‌బోర్డు:
పేరు ముఖ్యమేనండీ. కరెక్ట్ అయితే శాంపిల్ పోలేదు, ఇంటర్‌పోలేట్ అయితే పోయింది. ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పబట్టే "ట్రాన్స్‌పోర్ట్ మారిస్తే ట్రెబుల్ మారుతుంది" అన్న నమ్మకం పాతుకుపోయింది. మంచి ట్రాన్స్‌పోర్ట్ కొనడానికి కారణాలు వేరే ఉన్నాయి. మెకానిజం గుసగుసలాడకుండా తిరగడం, గీతలున్న డిస్కుని పట్టుకోగలగడం, పదేళ్ళ తర్వాత లేజర్ దొరకడం.

సోల్డర్‌పొగ:
అన్ని డిస్కులూనా, కొన్నేనా? సూటిగా చెప్పండి.

వెండిపళ్ళెం:
అన్నీ కాదు. ఈ మధ్య వచ్చిన డిస్కు ఒకటి బాగానే ఉంది, దాని రికార్డింగ్ మంచిదేమో అనుకున్నాను. గుచ్చుకునేవి నేను రోజూ వినేవి, ఓ ఐదున్నాయి. వెనక అట్ట మీద 1983, 1984 అని ఉంది. జపాన్‌లో అచ్చయినవి.

సోల్డర్‌పొగ:
ఇది మొదటి పోస్టులో చెప్పాల్సింది. ప్రీ-ఎంఫసిస్. ట్రాన్స్‌పోర్ట్ వెనక్కి ఇవ్వకండి.

వెండిపళ్ళెం:
అంటే?

సర్క్యూట్‌బోర్డు:
నేను చెప్తాను. సీడీలు 1982లో వచ్చాయి. అప్పటి కన్వర్టర్లు ఇప్పటంత సన్నగా పనిచేసేవి కావు. ఫిలిప్స్ తొలి ప్లేయర్‌లో ఉన్నదే 14 బిట్ల డాక్, దాన్ని నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో (శాంపిళ్ళ మధ్య ఇంకొన్ని లెక్కగట్టి చేర్చే పద్ధతి) 16 బిట్ల దరిదాపులకి లాక్కొచ్చారు. పై ఫ్రీక్వెన్సీల్లో వినబడే బుస తగ్గించడానికి ఒక ఉపాయం ఉండేది: రికార్డు చేసేటప్పుడే పై స్వరాలని పెంచి రాయడం, ప్లేయర్‌లో అంతే మేర తగ్గించడం. ఎఫ్ఎం రేడియోలో చేసేదీ ఇదే. సీడీ ప్రమాణంలో ఎక్కడ ఎంత పెంచాలో చెప్పేది 50/15 మైక్రోసెకన్ల గీత (కర్వ్). 1 కిలోహెర్ట్జ్ దగ్గర తేడా అర డెసిబెల్ కూడా ఉండదు. 5 దగ్గర నాలుగున్నర, 10 దగ్గర ఏడున్నర, 20 దగ్గర తొమ్మిదిన్నర డెసిబెల్. మీ కమాను, మీ తాళాలు సరిగ్గా అక్కడే ఉంటాయి.

ఈ డిస్కు పెంచి రాసింది అని చెప్పడానికి ఒక గుర్తు ఉంటుంది. పాత ప్లేయర్ ఆ గుర్తు చూసి తనలోనే తగ్గించుకునేది, అందుకే మీకు వెన్నలా వినపడింది. ట్రాన్స్‌పోర్ట్ బిట్లని ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది, ఆ గుర్తుని కూడా ఎస్‌పీడిఫ్‌లో పంపాలి. కొత్త డాక్‌లు చాలావరకు ఆ గుర్తుని పట్టించుకోవు, చూడనే చూడవు. మీరు తిప్పిన ఫిల్టర్లు 20 కిలోహెర్ట్జ్ అంచున పనిచేసేవి, వాటికీ దీనికీ సంబంధం లేదు.

పాతటేపు:
ఇది నిజమే, ఆ కాలపు డిస్కులు నా దగ్గరా ఉన్నాయి. అయితే ఆంప్‌లో ట్రెబుల్ నాబ్ కాస్త తగ్గిస్తే పోలా?

సర్క్యూట్‌బోర్డు:
పోదండీ. నాబ్ గీత వేరు, ఈ గీత వేరు. 10 దగ్గర సరిపెడితే 4 దగ్గర తేడా మిగిలిపోతుంది. పైగా డిస్కు మార్చినప్పుడల్లా లేచి తిప్పుతూ కూర్చోవాలి. వెండిపళ్ళెం గారూ, పాత ప్లేయర్ వెనక డిజిటల్ అవుట్ ఉందా? ఉంటే దాన్నే ఈ కొత్త డాక్‌కి కలిపి, ఆ ఐదింట్లో ఒకటి వినండి. అలా కూడా కీచుమంటే ట్రాన్స్‌పోర్ట్ తప్పేం లేనట్టే. తర్వాత అదే ప్లేయర్‌ని అనలాగ్ అవుట్ నుంచి వినండి.

వెండిపళ్ళెం:
విన్నాను. డిజిటల్‌లో అదే కీచుదనం. ఎర్ర, తెల్ల ప్లగ్గులు తీసి అనలాగ్‌కి పెట్టగానే వయొలిన్ మళ్ళీ చెక్క వాయిద్యంలా వినిపించింది. ఒంట్లోంచి బరువు దిగినట్టుంది. ఇప్పుడేం చేయాలి?

సోల్డర్‌పొగ:
గుర్తు చదివే డాక్ చూసుకోండి. లేదా ఈ ఐదింటినీ కంప్యూటర్‌లోకి రిప్ చేసి (ఫైళ్ళుగా కాపీ చేసి), సాక్స్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో డీ-ఎంఫ్ ఎఫెక్ట్ (పెంచినదాన్ని తగ్గించేది) వేయండి. 24 బిట్లలో దాచండి.

సర్క్యూట్‌బోర్డు:
రిప్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ గుర్తు కొన్ని డిస్కుల్లో మొదట ఉండే విషయసూచికలో ఉంటుంది, కొన్నింట్లో ట్రాక్ లోపలి సబ్‌కోడ్‌లోనే (పాటతో పాటు రాసిన అదనపు డేటాలోనే) ఉంటుంది. విషయసూచిక ఒక్కటే చదివే సాఫ్ట్‌వేర్ "గుర్తు లేదు" అంటే నిజంగా లేదని నమ్మేయకండి. అలాగని డిస్కు పాతది కదా అని అన్నింటికీ వేసేయకండి. గుర్తు లేనిదానికి వేస్తే దుప్పటి కప్పినట్టు మూగగా అయిపోతుంది.

రాత్రిశ్రోత:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. అసలు విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎందుకు? రిప్ చేసుకుంటే ఒక్కసారితో పోతుంది కదా.

పాతటేపు:
డిస్కు తీసి, అంచుల మీద పట్టుకుని, వెలుతురుకి తిప్పి చూసి, ట్రేలో పెట్టి మొదటి పాట నుంచి వింటేనే నాకు వినాలనిపిస్తుంది. ఫైళ్ళు పెట్టుకుంటే సగంలో మార్చేస్తాను. నాకు ఈ కారణం చాలు.

రాత్రిశ్రోత:
అర్థమైంది. నా డాక్ ఆ గుర్తు చదువుతుందో లేదో మాన్యువల్‌లో ఏ పేరుతో రాసి ఉంటుంది?

సోల్డర్‌పొగ:
డీ-ఎంఫసిస్. చాలావాటిలో ఒక్క ముక్క కూడా రాయరు. డిస్కు పెట్టి వినడమే.

వెండిపళ్ళెం:
ఐదింట్లో నాలుగింటికి విషయసూచికలోనే గుర్తు కనపడింది. ఐదోదానికి లేదంటోంది, కానీ సౌండు మాత్రం అలాగే ఉంది, సబ్‌కోడ్ రేపు చూస్తాను. ట్రాన్స్‌పోర్ట్ ఉంచేసుకుంటున్నా. థాంక్సండీ అందరికీ.