6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపులో శని మసకగా ఉంది, ఎందుకు?

ప్రశ్న: 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్. 10 మి.మీ. ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకానికి) 2ఎక్స్ బార్లో (బొమ్మను రెట్టింపు చేసే కటకం) తగిలిస్తే శని నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది, ఎంత తిప్పినా ఫోకస్ కుదరట్లేదు. చూసేది డాబా మీద నుంచి. అద్దంలో లోపమా అండీ?

జవాబు 1: అద్దాన్ని అప్పుడే అనుమానించకండి. 1200ని 10తో భాగిస్తే 120 రెట్లు, బార్లోతో 240. బొమ్మతోపాటు గాలి కదలికా రెట్టింపవుతుంది. ముందు బార్లో తీసేయండి. ట్యూబును గంట ముందే బయట పెట్టండి. అద్దం చల్లారేదాకా లోపల వేడిగాలి లేస్తూనే ఉంటుంది.

జవాబు 2: డాబా కూడా కారణమే. పగలంతా కాగిన స్లాబు రాత్రి చాలాసేపు వేడి కక్కుతుంది. పెరట్లో మట్టినేల మేలు. శని 40 డిగ్రీలు దాటి పైకొచ్చాకే చూడండి. అన్నట్టు, 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచు తిప్పాయి, ఆ తర్వాత కొన్నాళ్లు సన్నగానే కనిపిస్తాయి.

జవాబు 3: అప్పటికీ తేలకపోతే కాలిమేషన్, అంటే అద్దాలు ఒకే వరుసలో సరిగ్గా ఉన్నాయా అన్నది చూడాలి. బాగా ఎత్తున ఉన్న నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కొద్దిగా తప్పించండి. అప్పుడు నక్షత్రం వెలుగు వలయాలుగా కనిపిస్తుంది, మధ్యలోని నల్లచుక్క వాటి నడిమధ్యన ఉండాలి. పక్కకు జరిగితే పెద్దద్దం లాక్ స్క్రూలు వదులు చేసి, సర్దే స్క్రూను పావు చుట్టు మించకుండా తిప్పండి. ప్రతిసారీ నక్షత్రం పక్కకు పోతుంది, మధ్యకు తెచ్చాకే మళ్లీ పోల్చండి.