ధవళేశ్వరం నురుగు, పది ఎంబీల బరువు

రాజోలు నుంచి ప్రశ్న:
మొన్న వరద చూడటానికి ధవళేశ్వరం బ్యారేజీకి వెళ్లాను. కెమెరా 24 మెగాపిక్సెళ్లది. ఒక్కో ఫోటో 6000×4000, పది ఎంబీలకు పైనే. స్పష్టత పోకూడదని పన్నెండు ఫోటోలను మా బంధువుల వాట్సాప్ గ్రూపులో డాక్యుమెంట్లుగా పంపాను. లంకలో ఉండే బాబాయి వెంటనే ఫోన్ చేశారు: “ఒరేయ్, నీ గోదావరి తెరుచుకునేలోపు అసలు గోదావరి మా గుమ్మంలోకి వచ్చేట్టుంది!” కుదిస్తే గేట్ల దగ్గరి నురుగు అలుక్కుపోతుందని నా బెంగ. ఏం చేయాలి?

అమలాపురం నుంచి:
పొడవు వైపు 1500 పిక్సెళ్లు చాలు. 2.4 కోట్ల పిక్సెళ్లు 15 లక్షలకు దిగుతాయి, అంటే పదహారో వంతు. జేపెగ్ (ఫోటోను కుదించి దాచే ఫైలు రకం)గా సేవ్ చేసేటప్పుడు నాణ్యత 80 దగ్గర ఉంచితే ఫోను తెర మీద తేడా పట్టుకోవడం కష్టం. కుదించిన దాన్నే తెరిచి మళ్లీ మళ్లీ కుదించకండి. ప్రతిసారీ కొంత పోతుంది. నురుగు అలుక్కుపోయేది అక్కడే. అసలు ఫైలు జోలికి వెళ్లకుండా నకలు మీద పని చేయండి.

నరసాపురం నుంచి:
పన్నెండెందుకండీ? రెండు చూపించి, మిగిలినవి గూగుల్ డ్రైవ్‌లో ఉంచి లింకు ఇవ్వండి. పక్కన ఎన్ని ఎంబీలో రాయండి, నొక్కేవారు తెలిసి నొక్కుతారు. ఇంటి దగ్గర తీసినవైతే లొకేషన్ వివరాలు తీసేయండి, ఫైలులోనే దాగి ఉంటాయి.

రాజోలు:
కుదించాను. నాలుగు వందల కేబీలే, నురుగు నురుగులాగే ఉంది. బాబాయి ఇప్పుడు “175 గేట్లలో ఇది ఎన్నోదిరా?” అని అడుగుతున్నారు.