ఆరేళ్ల మనవరాలితో ఇంగ్లండ్, కెనడాల్లో గాలం వేయాలంటే ఏమేం చూసుకోవాలి?

నీలికెరటం:
జూన్ మొదటి వారంలో ఇంగ్లండ్, జూలైలో కెనడాలోని అంటారియో వెళుతున్నాం. వెంట ఆరేళ్ల మనవరాలు. రెండు చోట్లా ఒక్కో ఉదయం పాప చేత గాలం వేయించాలని ఉంది. గాలం నాకు కొత్త కాదు, అక్కడి నియమాలూ పిల్లలకు నేర్పే పద్ధతీ కొత్త. లైసెన్సు పాపకు కావాలా, నాకా? ఆ వయసుకు రీలున్న రాడ్ మంచిదా, లేనిదా? సరంజామా విమానంలో తీసుకెళ్లడంలో ఏమైనా ఇబ్బందులున్నాయా? పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాం.

ఒడ్డునుంచి:
ముందు లైసెన్సు తేల్చుకోండి. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లలోపు పిల్లలకు రాడ్ లైసెన్సు అక్కర్లేదు. 13 నుంచి 16 వరకు ఉచితమే గానీ తీసుకోవడం తప్పనిసరి. 17 దాటితే కొనాలి. ఒక రోజుకు, ఎనిమిది రోజులకు, ఏడాదికి విడివిడిగా ఇస్తారు. పాపకు అక్కర్లేదు కదా అని పెద్దవాళ్లు ఊరుకుంటారు, చిక్కొచ్చేది అక్కడే. మీరు రాడ్ అందుకుని ఒక్కసారి విసిరినా మీరు చేపలు పడుతున్నట్టే లెక్క. ఆరేళ్ల పిల్లతో వెళ్లాక రాడ్ మీ చేతికి రాకుండా ఉండదు. ఒక రోజు లైసెన్సు తప్పకుండా తీసుకోండి.

లైసెన్సు ఉంటే ఏ నీళ్లలోనైనా గాలం వేయొచ్చని కాదు. చెరువు యజమాని దగ్గరో, క్లబ్బు దగ్గరో డే టికెట్ వేరుగా తీసుకోవాలి. పైగా మీరు వెళ్లేది జూన్ మొదటి వారం. ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు రోచ్, పెర్చ్, కార్ప్ లాంటి చేపలు పట్టకూడదు. నది ఆలోచన మానుకుని, టికెట్ ఇచ్చే చెరువు చూసుకోండి.

అంటారియోలో, కెనడా బయటి నుంచి వచ్చిన పిల్లలు 18 ఏళ్లలోపైతే లైసెన్సున్న పెద్దవాళ్లు వెంట ఉంటే చాలు. పిల్లలు ఉంచుకున్న చేపలు ఆ పెద్దవాళ్ల పరిమితిలోకే వస్తాయి. అక్కడా ఒక రోజు లైసెన్సు ఉంది. అంతకంటే ఎక్కువ రోజులకైతే అవుట్‌డోర్స్ కార్డు (లైసెన్సుకు ఆధారమైన గుర్తింపు కార్డు) కూడా కావాలి. జాతీయ పార్కులోని సరస్సులో మాత్రం ఈ లైసెన్సు చెల్లదు, పార్కు పర్మిట్ తీసుకోవాలి.

బెండుచూపు:
ఇంగ్లండ్ చెరువుకు రీలు వద్దండి. మూడు మీటర్ల పొడవున్న, ఒకదాంట్లోంచి ఒకటి బయటికి లాగే తేలికపాటి కర్ర చాలు. అక్కడ దాన్ని విప్ అంటారు. తంగూసు, అంటే గాలపు దారం, నేరుగా కొసకు కట్టేస్తారు, చిక్కుపడే రీలే ఉండదు. తంగూసు కర్ర కంటే ఒక జానెడు పొట్టిగా ఉండాలి. అప్పుడు కర్ర పైకెత్తగానే చేప ఊగుతూ చేతికే వస్తుంది. పొడవైతే పాప తలకో మీ చొక్కాకో ముల్లు తగులుతుంది.

తంగూసు 0.16 మి.మీ. మందం, ముల్లు దగ్గరి చివరి 15 సెం.మీ. 0.12 మి.మీ. తీసుకోండి. ఎక్కడైనా తగులుకుంటే ఆ సన్నటి ముక్కే తెగుతుంది, నీటి మీద తేలుతూ చేప జాడ చెప్పే బెండు మిగులుతుంది. ముల్లు 16వ నంబరు (నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది), ఎదురుమొన లేనిది. అక్కడి చాలా చెరువుల్లో అదే నియమం. అలా అని లేకపోయినా పిల్లలతో వెళ్లినప్పుడు అదే వాడాలి. చేపలోంచైనా వేలిలోంచైనా సులువుగా వస్తుంది.

అసలు పని లోతు కొలవడం. ముల్లుకు కాస్త పెద్ద బరువు తగిలించి, గాలం వేయబోయే చోటే దించండి. బెండు పూర్తిగా మునిగిపోతే అసలు లోతు మీరు పెట్టినదానికంటే ఎక్కువ, బెండును తంగూసు మీద పైకి జరపండి. బెండు పడుకుంటే మరీ పైన ఉంది, కిందికి దించండి. కొస మాత్రమే పైకి కనిపిస్తే ఎర అడుగును తాకుతున్నట్టు. తర్వాత ఆ బరువు తీసేసి, బెండు కొస ఒక సెంటీమీటరు మాత్రమే తేలేదాకా తంగూసుకు చిన్న లోహపు గుండ్లు నొక్కండి. ఎక్కువ గుండ్లు మధ్యలో, ఒక చిన్న గుండు ముల్లుకు 15 సెం.మీ. పైన. బొమ్మల దుకాణాల్లో దొరికే లావుపాటి గుండ్రటి బెండు వద్దు. చిన్న చేప లాగినప్పుడు అది ఎదురులాగుతుంది, చేప ఎర ఉమ్మేస్తుంది.

ఎరకు మాగట్లు, అంటే తెల్ల పురుగులు, తీసుకోండి. లావుపాటి చివర చర్మానికే గుచ్చాలి, నడుముకు గుచ్చితే చచ్చి వేలాడుతుంది. బెండు చుట్టూ నిమిషానికి అయిదారు చొప్పున వేస్తూనే ఉండాలి. గుప్పెడు ఒకేసారి పోస్తే చేపల కడుపు నిండిపోయి, పాపకు ఖాళీ బెండే మిగులుతుంది. పెద్ద కార్ప్ లేని చెరువు ఏదని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. ఈ సన్నటి కర్రకు కార్ప్ తగిలితే తంగూసు తెగుతుంది, ముల్లు చేప నోట్లోనే ఉండిపోతుంది.

మొప్పగీత:
ఇంగ్లండ్ వరకు ఒప్పుకుంటాను. అంటారియోలో చెక్క జెట్టీ మీద నుంచి వేస్తే ఒక్కోసారి కిలో బరువున్న బాస్ చేప తగులుతుంది, అక్కడ రీలు కావాలి. మీట నొక్కి విసిరే మూతరీలు, అయిదడుగుల రాడ్, 6 పౌండ్ల బరువు ఆపే తంగూసు, 8 లేదా 10 నంబరు ముల్లు, రెండు సెంటీమీటర్ల వానపాము ముక్క. బెండుకూ ముల్లుకూ మధ్య 60 సెం.మీ. చాలు, సన్‌ఫిష్ అనే చిన్న చేప జెట్టీ నీడలోనే తిరుగుతుంది. విసరడం ముల్లు లేకుండా, ఒట్టి బరువు కట్టి గడ్డి మీద నేర్పండి. మీట నొక్కి పట్టుకుని వెనక్కి తెచ్చి, రాడ్ కొస ముందుకు వచ్చాక వదలాలి. ఆలస్యమైతే కాళ్ల ముందే పడుతుంది, తొందరపడితే ఆకాశంలోకి లేస్తుంది. వదులుగా ఉన్న తంగూసును చుట్టేస్తే మూత లోపల చిక్కుపడుతుంది. చుట్టేటప్పుడు రీలు ముందు తంగూసును రెండు వేళ్లతో సుతారంగా బిగించి పట్టుకోమనండి.

విమానంలో ముళ్లు, కత్తెర, చాకు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి, ముళ్ల మొనలు కార్కుకు గుచ్చి. సీసం గుండ్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ఇంగ్లండ్‌లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా సీసపు బరువులకు 1987 నుంచి నిషేధం, హంసలు మింగి చచ్చిపోయేవి. కెనడా జాతీయ పార్కుల్లో 50 గ్రాముల లోపు సీసం కుదరదు. తగరం గుండ్లు కొనండి. మట్టితో వానపాములు సరిహద్దు దాటించకండి, అక్కడే కొనుక్కోవాలి. ఇంగ్లండ్‌లో వాడిన కర్ర, వల, బూట్లు కడిగి పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. తడిలో ఒక చెరువు పురుగూ నాచూ ఇంకో చెరువుకు చేరతాయి.

నీలికెరటం:
ఎంతో ఉపయోగం, ధన్యవాదాలు. ఒక్క అనుమానం. బెండు మునుగుతున్నా, లేపితే ముల్లు ఖాళీగా వస్తే ఏం మార్చాలి?

బెండుచూపు:
మాగట్ చర్మం మాత్రమే మిగిలి వస్తే చేప చప్పరించి వదిలేసినట్టు, పాప ఆలస్యంగా లేపుతోంది. చిన్న గుండును ముల్లుకు దగ్గరగా, 8 సెం.మీ. కు జరిపితే బెండు ముందే కదులుతుంది. ఎర మొత్తం మాయమైతే చేప నోటికి ముల్లు పెద్దది, 18కి దిగండి. గట్టిగా గుంజడం మాత్రం నేర్పొద్దు, మణికట్టు పైకి ఎత్తితే సరిపోతుంది. గుంజితే చిన్న చేప పెదవి చిరుగుతుంది.

ఒడ్డునుంచి:
ఇంకొన్ని తప్పక చూడండి. లైఫ్ జాకెట్ పాప బరువుకు సరిపడేది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కావాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లేపండి. గడ్డం, చెవులు దాటి జారిందంటే అది ఆ పాపది కాదు. కళ్లద్దాలు ఇద్దరికీ ఉండాలి, ముల్లు ఎగిరేది కంటి ఎత్తులోనే. కార్బన్ కర్ర కరెంటును మోస్తుంది, పైన తీగలుంటే ఆ చోటే వద్దు.

చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి తువ్వాలు దాని జిగురును తుడిచేస్తుంది. పెర్చ్ వీపు రెక్క ముళ్లు గుచ్చుకుంటాయి. తల వైపు నుంచి తోక వైపుకు నిమిరితే ముడుచుకుంటాయి. ముల్లు గొంతులోకి దిగితే పీకకండి, నోటి దగ్గర తంగూసు కత్తిరించి వదిలేయండి.

రాయికో కొమ్మకో తగులుకున్నప్పుడు పాపను వెనక్కి పంపి, రాడ్‌ను వంచకుండా తంగూసుకు సూటిగా పట్టి వెనక్కి లాగండి. వంచి గుంజితే బరువు తుపాకీ గుండులా మొహం మీదికి వస్తుంది. ముల్లు చర్మంలో లోతుగా దిగినా, కంటికి దగ్గరైనా ఇంటి వైద్యం వద్దు. తంగూసు కత్తిరించి, కదలకుండా గుడ్డ కట్టి డాక్టరు దగ్గరికే. పాప ధనుర్వాతం టీకా తేదీ ఫోనులో ఉంచుకోండి, మొదట అడిగేది అదే.