రెండర్ పెడితే ల్యాప్‌టాప్ 97 డిగ్రీలకు పోతోంది: విప్పాలా, సెట్టింగులు చాలా?

వీడియోఎడిటర్:
మెషిన్ కొని మూడేళ్లయింది, వారంటీ లేదు. 45 వాట్ల ఇంటెల్ ఐ7, దానితోపాటు విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉంది. మామూలు పనికి 50–55 డిగ్రీల్లోనే ఉంటుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ (రెండర్) పెట్టగానే 97కి పోయి, 3.8 గిగాహెర్ట్జ్ ఉన్న క్లాక్, అంటే చిప్ వేగం, 2.2కి పడిపోతోంది. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉన్నాయి. కూలింగ్ ప్యాడ్ పెడితే తగ్గింది రెండు మూడు డిగ్రీలే. చిప్ వేడిని పైనున్న హీట్‌సింక్‌కి (వేడిని లాగే లోహపు భాగం) చేర్చే థర్మల్ పేస్ట్ మార్చాలా, దుమ్ము తీస్తే సరిపోతుందా, అసలు విప్పకుండా పని అవుతుందా?

చిప్‌లెవెల్:
పేస్ట్ కొనేముందు వేడి ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోండి. అది ఆగేది ముఖ్యంగా రెండు చోట్ల: చిప్ నుంచి హీట్‌సింక్‌కి ఎక్కేచోట, లేదా హీట్‌సింక్ రేకుల నుంచి గాలిలోకి పోయేచోట. ఒకదానికి చేసే పని రెండోదానికి పనికిరాదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, వేడీ పవరూ చూపించే ప్రోగ్రామ్‌లో సెన్సార్లు తెరిచి ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టండి. డిగ్రీలతోపాటు సీపీయూ ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ చిప్ లాగే వాట్లు) కూడా చూడాలి, చాలామంది వదిలేసేది దీన్నే. 45 వాట్ల చిప్ టర్బోలో, అంటే మామూలు వేగం దాటి పరిగెత్తేటప్పుడు, కాసేపు అంతకు రెట్టింపు కూడా లాగగలదు. 70 వాట్లు లాగుతూ 95 డిగ్రీలు ఉంటే కూలింగ్ తన పని తాను చేస్తోందన్నమాట. 30 వాట్లకే 95 చూపిస్తే మాత్రం ఎక్కడో అడ్డం పడింది.

ఒకటి రెండు సెకన్లలో పైకెగిరి, పని ఆపగానే అంతే వేగంగా దిగితే అనుమానం పేస్ట్ మీద. నిమిషాల తరబడి మెల్లగా పెరిగి, ఆపాక కూడా చాలాసేపు దిగకపోతే రేకులు మూసుకుపోయాయి. వెనక గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి ధారాళంగా వస్తూ గోరువెచ్చగా ఉంటే వేడి హీట్‌సింక్ దాకా రావడం లేదు. సన్నగా వస్తూ చెయ్యి కాలేలా ఉంటే దుమ్ము. చిప్‌లోని కోర్ల (లెక్కలు చేసే భాగాలు) మధ్య తేడా 15 డిగ్రీలు దాటిందా అన్నదీ చెప్పండి.

వీడియోఎడిటర్:
చూశానండీ. పవర్ 28 వాట్ల దగ్గర నిలిచిపోతోంది. 97కి చేరడానికి రెండు సెకన్లు పట్టడం లేదు. ఒక కోర్ 97లో ఉంటే ఇంకోటి 79. గాలి బాగానే వస్తోంది, అంత వేడిగా లేదు.

హీట్‌సింక్:
అయితే పేస్టే. ల్యాప్‌టాప్ చిప్‌కి పైన లోహపు మూత ఉండదు, హీట్‌సింక్ నేరుగా సిలికాన్ మీదే కూర్చుంటుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే పలచని పేస్ట్ కొద్దికొద్దిగా అంచులకు జరిగిపోయి మధ్యలో ఖాళీ పడుతుంది. కోర్ల మధ్య ఆ 18 డిగ్రీల తేడా అందువల్లే.

పది నిమిషాలు నడిపి పేస్ట్ మెత్తబడ్డాక షట్‌డౌన్ చేయండి. చార్జర్ తీసి, అడుగు మూత ఊడదీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ తప్పించాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలు ఉంటాయి: విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి వరసగా, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా. ఒకే మూల పూర్తిగా బిగిస్తే చిప్ అంచు పగిలే ప్రమాదం ఉంది.

పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగులు రాలని గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ చిక్కగా ఉన్నదే ఎంచుకుని, చిప్ నాలుగు మూలలూ కప్పేలా పలచగా పరచండి. ఇక్కడ తక్కువైతేనే ప్రమాదం, కొంచెం ఎక్కువైతే పక్కకు పోతుందంతే. నన్నడిగితే పేస్ట్ కంటే హనీవెల్ పీటీఎం7950 షీట్ మేలు. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, పేస్ట్‌లా త్వరగా జరిగిపోదు. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాకే దాని అసలు పనితనం కనబడుతుంది, కాబట్టి మొదటి రెండర్ చూసి నిరాశపడొద్దు. పేస్ట్ బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి వెళ్లకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

మెమరీ చిప్‌ల మీదున్న థర్మల్ ప్యాడ్లు చిరగకపోతే అవే ఉంచండి. చిరిగితే అంతే మందమున్నది వేయాలి. 1 మిల్లీమీటరు ఉన్నచోట 1.5 పెడితే హీట్‌సింక్ పైకి లేచి చిప్‌కి ఆనదు. కొత్త పేస్ట్ వేశాక ముందుకంటే వేడి పెరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఎలాగూ తెరిచారు కాబట్టి ఫ్యాన్లు కూడా విప్పండి. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుమ్ము పరుపులా పేరుకుని ఉంటుంది. బయట నుంచి గాలి ఊదితే అది లోపలే అటూ ఇటూ జరుగుతుంది తప్ప బయటకు రాదు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, హద్దు మించిన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

వీడియోఎడిటర్:
షీట్ తెప్పించడానికి వారం పడుతుంది. ఈలోగా ఎక్స్‌పోర్ట్‌లు ఆపలేను. ఏం చేయమంటారు?

చిప్‌లెవెల్:
విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం చేయండి. టర్బో ఆగిపోతుంది. చిప్ తాగే కరెంటు క్లాక్‌తో పాటు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది, టర్బోలో వోల్టేజీ పైకి పోతుంది కాబట్టి చివరి కొద్దిపాటి వేగానికే వేడి విపరీతం. మీరు ఎటూ 2.2కి పడిపోతున్నారు, పోయేది పెద్దగా లేదు. కొన్ని మెషిన్లలో ఆ గడి కనబడదు, అప్పుడు తయారీదారు యాప్‌లో సైలెంట్ మోడ్ వాడండి. అండర్‌వోల్ట్ చేయమని, అంటే చిప్‌కిచ్చే వోల్టేజీ తగ్గించమని, ఎవరైనా అంటే ముందు బయాస్ (మెషిన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగులు) చూసుకోండి: 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు.

వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తి పెట్టండి. గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి. గది ఐదు డిగ్రీలు చల్లబడితే చిప్ కూడా దాదాపు అంతే దిగుతుంది. ఐస్ ప్యాక్ మాత్రం వద్దు, లోపల తేమ పడుతుంది.

హీట్‌సింక్:
ఒకటి మరిచాను. మూత తీసినప్పుడు బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బిందేమో చూడండి, టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా తగలడం కూడా దానికి గుర్తే. ఉబ్బితే తిరిగి కనెక్ట్ చేయకండి, గుచ్చకండి, మార్చేయండి. బాగుంటే చార్జింగ్ పరిమితి 80 శాతానికి పెట్టుకోండి. నిండా చార్జ్‌తో గంటలకొద్దీ వేడిలో ఉండటమే బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేస్తుంది.