ఐస్‌లాండ్ లావా దారుల్లో కారు, కెమెరా: ఏ గంటలో డ్రైవింగ్, ఏ గంటలో ఫొటోలు?

రాళ్లదారి:
జులై రెండో వారంలో ఐస్‌లాండ్, ఐదు రోజులు, పూర్తిగా ఫొటోల కోసమే. అనుకున్న దారి: రేక్యావిక్ నుంచి 26వ నంబరు రోడ్డు మీద హెక్లా అగ్నిపర్వతం పక్కగా వెళ్లి, ఎఫ్208 (కొండల్లోని కంకర రోడ్డు) ఉత్తర భాగం నుంచి లాండ్‌మన్నలౌగర్ (రంగురంగుల కొండల లోయ). మర్నాడు అదే ఎఫ్208 మీద దక్షిణానికి, ఎల్డ్‌గ్యా అగ్నిపర్వత పగులు మీదుగా రింగ్ రోడ్డుకి (దేశం చుట్టూ తిరిగే ప్రధాన రహదారి). తర్వాత ఎల్డ్‌హ్రౌన్ నాచు మైదానం, కుదిరితే లాకి అగ్నిపర్వత బిలాలు. బండి డస్టర్ ఫోర్ బై ఫోర్. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 16-35 (వైడ్), 70-200 (టెలి) లెన్సులు. టైము ఎలా పంచుకోవాలి? ఈ బండితో వాగులు దాటొచ్చా? నల్ల లావాకి ఎక్స్‌పోజర్ ఎలా? దుమ్ము నుంచి లెన్సుల్ని ఎలా కాపాడుకోవాలి?

నల్లమట్టి:
దారి బాగుందండి, టైమే తిరగేయాలి. జులై మధ్యలో అక్కడ పొద్దు కుంకేది రాత్రి 11 దాటాకే. 9:30కి సూర్యుడు వాయవ్యంలో, 10 డిగ్రీల కంటే తక్కువ ఎత్తులో ఉంటాడు. అక్కడి నుంచి ఉత్తరానికి జరుగుతూ బాగా ఏటవాలుగా దిగుతాడు కాబట్టి మెత్తటి పసుపు వెలుగు దాదాపు రెండు గంటలు నిలుస్తుంది. మధ్యాహ్నం వెలుగులో లాండ్‌మన్నలౌగర్ రయొలైట్ (లేత రంగు అగ్నిపర్వత శిల) కొండలు పాలిపోయి చదునుగా కనిపిస్తాయి. ఆ పసుపు, గులాబి, ఆకుపచ్చ చారలు విడివిడిగా తేలాలంటే పక్క నుంచి వచ్చే వెలుగు కావాలి. లోయ అడుగున మాత్రం కొండ నీడ ముందే పడుతుంది, అందుకని 9 కల్లా కాస్త ఎత్తుకి ఎక్కి ఉండండి.

చిక్కు ఎక్కడంటే, వాగుల గడియారం దీనికి ఎదురు నడుస్తుంది. హిమనదాల మంచు పగటి ఎండకి కరిగి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నీళ్లు పెరుగుతాయి, తెల్లవారేసరికి తగ్గుతాయి. వెలుగు కోసం రాత్రి తిరుగుదామంటే వాగులు ఒప్పుకోవు. మీ రూటులో దీనికి దారి ఉంది. ఎఫ్208 ఉత్తర భాగంలో లాండ్‌మన్నలౌగర్ క్యాంపు దాకా వాగులు లేవు, సరిగ్గా క్యాంపు ముందరే రెండు పాయలు అడ్డం వస్తాయి. వాటికి ఇవతలే పార్కింగ్ ఉంది, మనుషులకి చిన్న వంతెన ఉంది. బండి అక్కడే వదిలి నడిచి వెళ్లండి. సాయంత్రం వెలుగు ఉత్తర భాగానికి, వాగులున్న దక్షిణ భాగం మర్నాడు పొద్దున 7కి. పగటిపూట పార్కింగుకి ముందే బుక్ చేసుకునే పద్ధతి 2024 వేసవిలో మొదలైంది, ఈ ఏటి నియమాలు వెళ్లే ముందు చూసుకోండి.

ఎఫ్ రోడ్లు తెరిచే తేదీ మంచుని బట్టి ఏటా మారుతుంది. బయల్దేరే పొద్దున రోడ్ల సమాచారం నంబరు 1777కి ఫోన్ చేసి అడగండి. పెట్రోలు ట్యాంకు నిండా ఉంచుకోండి, కొండల్లోకి వెళ్లాక బంకులు ఉండవు.

ఎదురుగాలి:
డస్టర్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఫోర్ బై ఫోర్ అయినా దానికి లో-రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) లేదు, నేలకి ఎత్తూ పెద్ద జీపులంత ఉండదు. పొడి వాతావరణంలో ఎఫ్208 దక్షిణ భాగం ఓపికగా నడిపితే అయిపోతుంది. ముందు రోజు గట్టి వాన పడిందా, వెనక్కి తిరిగి రింగ్ రోడ్డు మీదుగా చుట్టి వెళ్లండి. లాకికి వెళ్లే ఎఫ్206 మాత్రం ఈ బండితో వద్దు, అక్కడి వాగులు దీనికి ఎక్కువ.

వాగు దగ్గర చేయాల్సింది: ముందు ఆగి, పాత చక్రాల జాడ ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కిందో చూడండి. అలలు రేగుతూ వెడల్పుగా పారే చోట లోతు తక్కువ, నున్నగా నిశ్శబ్దంగా ఉన్న చోట ఎక్కువ. నీళ్లలో నడవడానికి భయమేస్తే బండీ దించొద్దు. చక్రం మధ్య బొడ్డు దాకా నీళ్లుంటే వెనక్కే. మొదటి గేరులో, నడక వేగంలో, ప్రవాహంతో పాటు కాస్త కిందికి వాలుగా వెళ్లండి. మధ్యలో గేరు మార్చకూడదు, ఆగకూడదు. నీళ్లు గాలి గొట్టంలోంచి సిలిండర్లలోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ఇంజిన్ ఆగిపోయిందంటే మళ్లీ స్టార్ట్ చేయకండి. వాగులో జరిగిన నష్టాన్ని అద్దె బండి ఇన్సూరెన్స్ సాధారణంగా కట్టదు.

బండి తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి నిజంగా స్టెప్నీ ఉందో లేదో చూడండి. ఒక్కోసారి పంక్చరు కిట్ మాత్రమే ఇస్తారు. లావా రాయి టైరు పక్క గోడని కోస్తే ఆ కిట్ దేనికీ పనికిరాదు.

ఐఎస్ఓ100:
కెమెరా సంగతి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు నల్ల లావాని బూడిద రంగుకి లాగుతుంది. జేపెగ్ తీస్తుంటే ఎక్స్‌పోజర్‌ని మైనస్ 2/3 నుంచి మైనస్ 1 స్టాప్ దాకా తగ్గించండి. రా ఫైలు అయితే నేల గురించి కంగారు పడక్కర్లేదు, హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) ఆకాశం, ఆవిరి, మంచు చారలు కుడి గోడకి కొట్టుకోకుండా చూసుకుంటే చాలు. నలుపు తర్వాత దింపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు తిరిగి రాదు.

లాండ్‌మన్నలౌగర్‌లో 70-200నే ఎక్కువ వాడండి. 16 మిల్లీమీటర్లలో కొండలు చిన్నబోయి ముందున్న కంకరే ఫ్రేమంతా నిండుతుంది, చారల అల్లిక పోతుంది. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తప్పక తీసుకెళ్లండి. తడి నాచు మీద, తడి రాళ్ల మీద మెరుపు తీసేస్తే అసలు రంగు బయటికొస్తుంది. వైడ్ లెన్సుకి పెట్టి నీలాకాశం తీస్తే మాత్రం మధ్యలో నల్ల మచ్చలా పడుతుంది.

ఎల్డ్‌హ్రౌన్‌కి ఎండ రోజు కోసం ఎదురు చూడకండి. ఎండినప్పుడు ఆ నాచు బూడిద రంగులో ఉంటుంది, జల్లు పడగానే పచ్చగా విప్పుకుంటుంది. మబ్బు పట్టి, తుంపర ఆగిన గంటే దానికి మంచి టైము. 1783లో లాకి పగులులోంచి వచ్చిన లావా మీద పెరిగిన నాచు అది, మందం చూస్తే మెత్తటి పరుపే. ఒక్క అడుగు వేసినా ఆ గుర్తు దశాబ్దాలు నిలుస్తుంది కాబట్టి గుర్తు పెట్టిన కాలిబాట దాటొద్దు.

దుమ్ము: అగ్నిపర్వత బూడిదలో గాజు తునకలు ఉంటాయి. గుడ్డతో తుడిస్తే కోటింగ్ గీసుకుపోతుంది. ముందు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాతే గుడ్డ. లెన్సు మార్చడం కారులోనే, అద్దాలు ఎక్కించి, ఫ్యాన్ ఆపి. ఆవిరి గుంటల దగ్గర తుంపర లెన్సు మీద ఎండితే అందులోని సిలికా గట్టి పొరగా అంటుకుంటుంది. తడి ఆరకముందే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో అద్దండి.

రాళ్లదారి:
చాలా థ్యాంక్సండి. లాకి తీసేస్తున్నాను. ఇంకొక్క సందేహం: దారిలో మంచి ఫ్రేమ్ కనిపిస్తే రింగ్ రోడ్డు పక్కన ఓ నిమిషం ఆపడం కుదురుతుందా?

ఎదురుగాలి:
కుదరదండి. చాలాచోట్ల రోడ్డుకి అంచు అంటూ లేదు, ఆపారంటే లేను మధ్యలో ఆపినట్టే. వెనక వచ్చేవాళ్లు గంటకి 90 కిలోమీటర్ల వేగంలో ఉంటారు, మెరక దాటేదాకా మీరు వాళ్లకి కనపడరు. ఆపుకోవడానికి కట్టిన చోట్లు వస్తుంటాయి, అక్కడే ఆపి నడిచి వెనక్కి రండి. టైర్లు నాచు మీదికో ఇసుక మీదికో దించడం చట్టరీత్యా నేరం, జరిమానా గట్టిగా ఉంటుంది. ఆపినప్పుడు బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. వెనక నుంచి గాలి కొట్టే రోజు తలుపు తీస్తే చేతిలోంచి లాగేసి కీలు వంచేస్తుంది. ఒక చేత్తో తలుపు పట్టుకుని దిగండి, రెండో చేతిలో కెమెరా ఉండకూడదు.