ఉదయపు ఫలహారం రెస్టారెంటులో తినవలసి వచ్చినప్పుడు కేలరీలు తగ్గించుకోవడం ఎలా?

కొత్త సభ్యుని ప్రశ్న

పెద్దలకూ, సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఇటీవలే విదేశానికి వచ్చాను. మా విభాగంలో ఉదయపు సమావేశాలు తరచుగా రెస్టారెంటులోనే, ఫలహారంతో పాటు జరుగుతాయి. వారాంతాల్లో స్నేహితులతో వెళ్లడం కూడా అలవాటవుతోంది. బరువు తగ్గించుకోమని డాక్టరు గట్టిగా చెప్పారు. మెనూలో సగం పదార్థాలు నాకు కొత్తవి కావడంతో ఏది తేలికైనదో, ఏది కాదో పోల్చుకోలేకపోతున్నాను. అందరితో కలిసి తింటూనే కేలరీలను అదుపులో ఉంచుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారం. అలవాటు ముదరకముందే అడిగారు, సంతోషం.

ఇక్కడి ఫలహారంలో బరువు పెంచేది చాలావరకు మీరు కోరుకున్న పదార్థం కాదు, దాని వెంట మీరు అడగకుండానే పళ్లెంలోకి వచ్చేవి. రెండు గుడ్లు తెమ్మన్నారనుకుందాం. ఆ రెండింటిలో ఉండేది సుమారు 140 కేలరీలే. కానీ వాటి పక్కన వెన్న పూసిన రెండు టోస్టు ముక్కలు, నూనెలో ఎర్రగా వేయించిన బంగాళాదుంప తురుము (దీనినే హాష్ బ్రౌన్స్ అంటారు), రెండు మూడు బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) ముక్కలు, ఒక గ్లాసు నారింజ రసం వచ్చి చేరతాయి. అన్నీ తింటే మొత్తం 800 కేలరీలు సులభంగా దాటుతుంది. మీరు గుడ్లు మాత్రమే అడిగానని అనుకుంటూ ఉంటారు, పళ్లెం మాత్రం రోజు మొత్తానికి కావలసిన దానిలో మూడో వంతుకు మించి ఇచ్చేస్తుంది.

దీనికి మూలకారణం కొవ్వు. పిండిపదార్థంలో గానీ మాంసకృత్తుల్లో గానీ గ్రాముకు 4 కేలరీలుంటే, కొవ్వులో 9 ఉంటాయి. ఒక టేబుల్ స్పూన్ వెన్నలో దాదాపు 100, అంతే కొలత నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. రెస్టారెంటు వంటగదిలో పెద్ద పెనం మీద ఒకదాని తరువాత ఒకటిగా వేగంగా వండుతారు కనుక, పదార్థం అంటుకోకుండా ఉండేందుకు కొవ్వు ధారాళంగా వేస్తారు. అది మన కంటికి కనబడదు. అందువల్ల ఏం తినాలి అన్న ప్రశ్నతో పాటు దాన్ని ఎలా వండుతారన్నది కూడా అడగడం నేర్చుకోవాలి.

గుడ్లు తినే వారైతే మీకు దారి సులువు. ఎలా కావాలని సర్వర్ తప్పక అడుగుతారు. సన్నీ సైడ్ అప్, ఓవర్ ఈజీ వంటివన్నీ కొవ్వులో వేయించినవే. స్క్రాంబుల్డ్ అంటే గిలక్కొట్టి వండినవి, వీటిలో చాలాచోట్ల పాలు లేదా క్రీమ్, వెన్న కలుస్తాయి. పోచ్డ్ అంటే పెంకు తీసి, నేరుగా వేడినీటిలో ఉడికించినవి. వీటికీ, పెంకుతో ఉడికించిన గుడ్లకూ నూనె అవసరమే ఉండదు కనుక కళ్లు మూసుకుని అడగవచ్చు. అయితే ఎగ్స్ బెనెడిక్ట్ అనే వంటకంలో కూడా పోచ్డ్ గుడ్లే ఉంటాయి. వాటి మీద పోసే హాలండేజ్ సాస్ పచ్చసొనను వెన్నతో గిలక్కొట్టి చేసినది, కాబట్టి అక్కడ లాభమంతా పోతుంది.

ఆమ్లెట్ విషయంలో కొంత జాగ్రత్త కావాలి. సాధారణంగా మూడు గుడ్లతో వేస్తారు, లోపల చీజ్ దట్టంగా కూరుతారు. 28 గ్రాముల చెడ్డార్ చీజ్‌లోనే సుమారు 110 కేలరీలుంటాయి, ఒక ఆమ్లెట్‌లో అంతకు రెట్టింపు పట్టవచ్చు. చీజ్ వద్దని, పాలకూర, పుట్టగొడుగులు, టమాటా, ఉల్లిపాయ, క్యాప్సికం ఎక్కువగా వేయమని అడగండి. కడుపు నిండుతుంది, రుచీ తగ్గదు. ఆమ్లెట్ బాగా పొంగడానికి కొన్ని చోట్ల గుడ్ల సొనలో పాన్‌కేక్ పిండి కూడా కొంచెం కలుపుతారు. అది వద్దనుకుంటే ముందే చెప్పాలి. గోధుమ పడనివారికైతే ఇది మరీ ముఖ్యం.

తెల్లసొన మాత్రమే తినాలని పట్టుబట్టే వారున్నారు, నేను వారితో ఏకీభవించను. పెద్ద గుడ్డులోని తెల్లసొనలో 17 కేలరీలు, పచ్చసొనలో 55 కేలరీలు ఉంటాయన్నది నిజమే. కానీ గుడ్డులోని విటమిన్లు, ఇనుము చాలావరకు పచ్చసొనలోనే ఉన్నాయి, ఆకలి తీరిన భావన కలిగించడంలోనూ దానికి పాత్ర ఉంది. ఒక పూర్తి గుడ్డుకు రెండు తెల్లసొనలు కలిపి వేయమంటే సుమారు 105 కేలరీలతో 13 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. మధ్యాహ్నం వరకు ఆకలి వేయకుండా ఉండాలంటే నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

పాన్‌కేక్‌లు, వాఫుల్స్, ఫ్రెంచ్ టోస్ట్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మైదా, చక్కెర, వెన్నల కలయిక అవి. పైన పోసే సిరప్ టేబుల్ స్పూన్‌కు 50 కేలరీలకు తక్కువ ఉండదు, ఒక్క స్పూనుతో ఆగేవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఎప్పుడైనా మనసు పడితే అందరికీ కలిపి ఒకటి తెప్పించుకుని పంచుకోండి. సిరప్‌ను విడిగా చిన్న గిన్నెలో ఇమ్మని, ముక్కను అందులో అంచు మాత్రం ముంచి తినండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఆరోగ్యకరమన్న పేరుతో కనబడే పదార్థాలు. కొత్తవారు నమ్మి మోసపోయేది ఇక్కడే. గ్రానోలా అంటే ఓట్లు, గింజలే కదా అనుకుంటాం. వాటిని నూనె, తేనె లేదా చక్కెర పట్టించి కాలుస్తారు కాబట్టి అర కప్పులోనే 200 నుంచి 300 కేలరీల దాకా ఉంటాయి. పెరుగు పొరల మధ్య పళ్లు, గ్రానోలా వేసి ఇచ్చే పార్ఫేలో పెరుగు సైతం తరచుగా తీపి కలిపినదే. మఫిన్ పేరులో తృణధాన్యాలున్నా, పళ్లున్నా అది కేకుకు బంధువే, బేకరీ పరిమాణంలో ఉన్నదైతే 400 కేలరీలు దాటుతుంది. బేగెల్ గుండ్రని బ్రెడ్డులా అమాయకంగా కనబడుతుంది కానీ, ఒక్కదానిలో మూడు బ్రెడ్డు ముక్కలకు మించిన పిండి ఉంటుంది. దానికి రెండు టేబుల్ స్పూన్ల క్రీమ్ చీజ్ పూస్తే ఇంకో 100 కేలరీలు చేరతాయి. స్మూతీలో పళ్లే ఉన్నా, రసమూ తీపి పెరుగూ పోసి పెద్ద గ్లాసుతో ఇస్తారు. తాగింది తిన్నట్టు అనిపించదు కనుక మళ్లీ ఏదో ఒకటి తెప్పించుకుంటాం.

పానీయాల్లో నీరు, పాలు లేని కాఫీ, టీ నిశ్చింతగా తాగవచ్చు. పాల కాఫీ కావాలంటే చిన్న కప్పు, వెన్న తీసిన పాలతో అడగండి. సువాసన సిరప్‌లు వద్దనండి. నారింజ రసం 240 మిల్లీలీటర్లకు 110 కేలరీలు ఇస్తుంది. నారింజ పండు తింటే సుమారు 60 మాత్రమే, పైగా పీచు కూడా దక్కుతుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. అమెరికాలో 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు మెనూ మీదనే కేలరీలు ముద్రించాలన్న నిబంధన 2018 మే నుంచి అమల్లో ఉంది. మిగతా పోషకాల వివరాలు కావాలంటే అడిగిన వారికి రాతపూర్వకంగా చూపాలి. కెనడాలోని ఒంటారియోలో ఇటువంటి చట్టం 2017 నుంచి, ఇంగ్లాండులో 250 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఆస్ట్రేలియాలోని కొన్ని రాష్ట్రాల్లో కేలరీలకు బదులు కిలోజౌళ్లు రాస్తారు. ఆ అంకెను సుమారు 4.2తో భాగిస్తే కేలరీలు తెలుస్తాయి. అమెరికా మెనూలో గీతతో రెండు అంకెలు, ఉదాహరణకు 450-900 అని ఉంటే, అనుబంధంగా మీరు ఎంచుకునే వాటిని బట్టి మొత్తం ఆ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చని అర్థం. కింది అంకె చూసి తృప్తిపడి, పై అంకెకు సరిపోయేవన్నీ తెప్పించుకునే ప్రమాదం ఉంది.

రెండవ జవాబు

పై సభ్యురాలు వివరంగా రాశారు. గుడ్లు, మాంసం తినని వారి కోసం కొంత చేరుస్తాను.

అటువంటి వారికి మెనూలో మిగిలేది ఎక్కువగా పిండి, తీపి పదార్థాలే కాబట్టి మరింత మెలకువ అవసరం. ఓట్‌మీల్ ఉంటే అదే మొదటి ఎంపిక కావాలి. నీటితో వండిన ఒక కప్పు ఓట్‌మీల్‌లో సుమారు 160 కేలరీలుంటాయి. అయితే దాన్ని పాలతో, క్రీమ్‌తో వండుతున్నారేమో అడగండి. బెల్లం రంగు చక్కెర, ఎండు పళ్లు, గింజలను పైన చల్లకుండా విడిగా తెమ్మనండి. పళ్ల ముక్కలు, తీపి లేని గ్రీక్ పెరుగు తోడైతే సంపూర్ణమైన ఫలహారం అవుతుంది. అవకాడో టోస్టు కూడా మంచిదే గానీ, సగం అవకాడోలో దాదాపు 160 కేలరీలుంటాయి కనుక రెండు ముక్కలకు బదులు ఒక్కటే తీసుకోవడం మేలు.

మరొక మాట కూడా చెప్పాలి. బంగాళాదుంప వేపుడు, పాన్‌కేక్‌లు తరచుగా బేకన్ వేయించిన పెనం మీదనే వేస్తారు. శాకాహారులు దీనిని ముందుగా విచారించుకోవాలి.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతున్న వారు మాత్రం కేలరీలు తగ్గించాలన్న ఉత్సాహంతో పిండిపదార్థాలను ఒక్కసారిగా మానివేయవద్దు. రక్తంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ఆ మార్పు డాక్టరును సంప్రదించిన తరువాతే చేయాలి.

కొత్త సభ్యుడు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేను అమెరికాలోనే ఉన్నాను, గుడ్లు తింటాను. నాకున్న అసలు ఇబ్బంది మొహమాటం. పై అధికారి, సహోద్యోగులు చుట్టూ ఉండగా ఇది వద్దు, అది మార్చండి అని సర్వర్‌కు చెప్పడం మర్యాదగా ఉంటుందా? వారు విసుక్కుంటారేమోనని కూడా భయం.

మొదటి సభ్యురాలి జవాబు

మీ మొహమాటం నాకు బాగా అర్థమవుతుంది, కానీ ఈ విషయంలో దానిని పక్కన పెట్టమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఇక్కడ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మార్పులు చెప్పడం నిత్యకృత్యం. ఒకరికి పాలు పడవు, ఒకరికి గోధుమ పడదు, ఇంకొకరు ఉప్పు తగ్గించుకుంటున్నారు. ఇవన్నీ రాసుకోవడం సర్వర్లకు రోజూ ఉండే పనే. మీ పక్కనున్న వారిని గమనించండి, ఏ మార్పూ చెప్పని వారు అరుదుగా కనిపిస్తారు. కారణం చెప్పవలసిన అవసరం కూడా లేదు. విసుక్కోవడం మాట అటుంచి, పళ్లెం వచ్చిన తరువాత వెనక్కు పంపే వారికంటే ముందే స్పష్టంగా చెప్పేవారి వల్లే వారికి పని తేలిక.

మాట పొందికగా ఉండాలంటే ముందు రోజు రాత్రే రెస్టారెంటు మెనూను ఫోన్‌లో చూసి, ఏం చెప్పాలో నిర్ణయించుకోండి. ఆకలితో కూర్చుని, నలుగురూ మాట్లాడుతుండగా నిర్ణయించుకోవడం ఎవరికైనా కష్టమే. వీలైతే బల్ల దగ్గర మీరే మొదట ఆర్డర్ ఇవ్వండి. ఇతరులు తెప్పించుకునేవి విన్న తరువాత మనసు అటు లాగుతుంది.

చెప్పవలసిన మాటలు నాలుగైదుకు మించవు. టోస్టుకు వెన్న పూయవద్దనడానికి 'డ్రై టోస్ట్, ప్లీజ్' అంటే చాలు. సాస్, సిరప్, వెన్న ఏదైనా విడిగా కావాలంటే 'ఆన్ ది సైడ్' అనండి. హాష్ బ్రౌన్స్‌కు బదులు పళ్లు గానీ టమాటా ముక్కలు గానీ ఇవ్వగలరా అని అడగండి. చాలాచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల కొద్దిగా ఎక్కువ తీసుకుంటారు. పళ్లెం మరీ పెద్దదిగా వస్తే తినడం మొదలుపెట్టే ముందే ఒక డబ్బా తెప్పించుకుని సగం అందులో పెట్టేయండి. కబుర్లలో పడిన తరువాత ఎంత తిన్నామో తెలియదు. మిగిలినది ఇంటికి తీసుకువెళ్లడాన్ని ఇక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు.

వచ్చే సమావేశం ఎక్కడో తెలిసిన వెంటనే ఆ రెస్టారెంటు మెనూను ఇక్కడ పంపండి. అందులో మీకు సరిపోయేవి ఏవో, వాటిలో ఏ మార్పులు అడగాలో కలిసి చూద్దాం.